కుమ్మరి గాడిద, ఆగిపోయిన ఆట

2024 తొలి నెలల్లో, ఖరీదైన కంప్యూటర్లున్న ఎంతోమంది ఆటగాళ్లకు తెరమీద ఒకే సందేశం ఎదురైంది. ఆట తెరుచుకుంటుంది. షేడర్లు సిద్ధమవుతున్నాయని చెప్పే గీత మెల్లగా నిండుతూ ఉంటుంది. సగంలో అంతా మాయమై చిన్న పెట్టె ఒకటి మిగులుతుంది: వీడియో మెమరీ చాలడం లేదు. ఆ సందేశం చదువుతున్న వాళ్లలో కొందరి దగ్గరున్నది 24 జీబీ మెమరీ గల గ్రాఫిక్స్ కార్డు. మామూలు వినియోగదారుడికి బజార్లో అంతకు మించిన కార్డు దొరకని రోజులవి. టెక్కెన్ 8, ఫోర్ట్‌నైట్, హాగ్వార్ట్స్ లెగసీ, ఏది తెరిచినా అదే తంతు.

ఏం చెయ్యాలో వాళ్లకు తెలుసు. డ్రైవర్ తీసేసి కొత్తది వేశారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పాత డ్రైవర్ ఆనవాళ్లు కూడా తుడిచేశారు. స్టీమ్‌లో గేమ్ ఫైళ్లు సరిచూసుకున్నారు. వంద జీబీల ఆటను మొత్తం తీసేసి రాత్రంతా మళ్లీ దించుకున్నారు. విసిగిపోయి విండోస్‌నే ఫార్మాట్ కొట్టారు. సందేశం మాత్రం మారలేదు.

ఇది కంప్యూటర్ రిపేరు సంగతిలా కనిపిస్తుంది గానీ, దీని కింద భారతీయ తార్కికులు వెయ్యేళ్లకు పైగా తలపట్టుకు కూర్చున్న ప్రశ్న ఉంది. ఒకదానికి మరొకటి కారణం అని మనిషి ఏ హక్కుతో అంటాడు? తెరమీద వాక్యం చెప్పింది కాబట్టా? ముందు జరిగింది కాబట్టా? తను చేసిన పని తర్వాత బాగైంది కాబట్టా?

ముందు ఆ వాక్యం సంగతి చూడాలి. న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంటుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దం అంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే మంచివాడని కాదు. విషయాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ మాట ప్రమాణం కాదు. తెరమీది ఎర్రర్ సందేశానికి రెండో గుణం నిండుగా ఉంది, దానికి అబద్ధమాడే అవసరమే లేదు. కొరవడింది మొదటిది.

లోపల జరుగుతున్నది ఇది. షేడర్లు, అంటే వెలుగునీడల లెక్కలు చేసే చిన్న చిన్న ప్రోగ్రాములు, డిస్కుమీద కుదించి దాచి ఉంటాయి. ఆట మొదలైనప్పుడు వాటిని విప్పాల్సింది గ్రాఫిక్స్ కార్డు కాదు, ప్రాసెసర్. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన చాలా ఆటల్లో ఊడిల్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది, అది ప్రాసెసర్ కోర్లన్నింటినీ ఒక్కసారిగా పరుగెత్తిస్తుంది. ఆ పరుగులో ప్రాసెసర్ ఎక్కడో ఒక లెక్క తప్పు చేస్తే విప్పిన సరుకు పాడైపోతుంది. చిత్రం గీయడానికి కావలసిన వనరు తయారు కాదు. అలా తయారు కాకపోవడానికి ఇంజిన్‌కు తెలిసిన కారణం ఒక్కటే, మెమరీ చాలకపోవడం. అందుకే అదే చెప్పింది. వీధిలో గొడవ జరిగితే తన కిటికీలోంచి కనపడినంతే చెప్పగలిగే సాక్షిలాంటిది ఆ సందేశం. లోపం తమ విప్పే పద్ధతిలో లేదు, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లు లెక్క తప్పుతున్నాయి అని ఊడిల్ తయారుచేసిన ర్యాడ్ గేమ్ టూల్స్ బహిరంగంగా వివరించింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియా కూడా, 13, 14వ తరం ప్రాసెసర్లున్నవాళ్లకు ఈ సందేశం వస్తుంటే ఇంటెల్‌ను సంప్రదించమని రాసింది. అప్పటిదాకా నింద మోసింది గ్రాఫిక్స్ కార్డు.

చదివిన వాక్యాన్ని నమ్మడం ఒక తప్పు. ఇంకో తప్పు దానికన్నా లోతైనది. అది మనిషి చేతుల్లోనే ఉంటుంది.

1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలమీద ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆకలితో ఉన్న పావురాన్ని పెట్టెలో ఉంచి, అది ఏం చేస్తున్నా పట్టించుకోకుండా, నిర్ణీత వ్యవధికొకసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. ఎనిమిది పావురాల్లో ఆరింటికి విచిత్రమైన అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి గింజ పడే ముందు గిర్రున తిరిగేది. ఒకటి పెట్టె పైమూలకు తల పొడిచేది. గింజ వచ్చిన క్షణాన తను చేస్తున్న పనే గింజను రప్పించిందన్నట్టు ఆ పనినే మళ్లీ మళ్లీ చేశాయి.

అప్పుడప్పుడూ మాత్రమే క్రాష్ అయ్యే ఆట అచ్చంగా అలాంటి పెట్టె. ప్రతిసారీ పడిపోయే ఆటకు మందు వెతకడం తేలిక. మూడుసార్లకు ఒకసారి పడిపోయే ఆటే మనిషిని మోసం చేస్తుంది. లెక్క చూస్తే భయం వేస్తుంది: అలాంటి ఆట, ఏమీ మార్చకపోయినా, వరుసగా రెండుసార్లు సజావుగా నడిచే అవకాశం తొమ్మిదింట నాలుగు వంతులు. అంటే దాదాపు సగం. రెండో మానిటర్ వైరు పీకాడు, రెండుసార్లు నడిచింది, వైరే కారణమని తేల్చేశాడు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాడు, నడిచింది, ఇక జన్మంతా అలాగే తెరుస్తాడు. అదే ఆట, ఏమీ మార్చకుండా, ఉత్త కాకతాళీయంగా వరుసగా ఎనిమిదిసార్లు నడిచే అవకాశం నూటికి నాలుగుకు పడిపోతుంది. ఎనిమిదిసార్లు తెరిచి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

కాకతాళీయం అని తెలుగువాళ్లు రోజూ అనే మాటలోనే ఆ హెచ్చరిక ఉంది: కాకి వాలింది, తాటిపండు పడింది. కానీ కాకిని పట్టుకోవడమెలాగో కూడా తార్కికులు చెప్పారు. తర్కశాస్త్రం మొదలుపెట్టే పిల్లలకు నేటికీ మొదట చేతికిచ్చే పుస్తకం తర్కసంగ్రహం. దాన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సామెత పుట్టించుకున్న పండితుడు. కార్యానికి ముందు నియమంగా ఉండేదే కారణం అని అన్నంభట్టు నిర్వచనం. నియమంగా అన్న మాటతోనే కాకి ఎగిరిపోతుంది, ఎందుకంటే తాటిపండు పడినప్పుడల్లా కాకి ఉండదు. అయినా సరిపోదు. ముందు ఉంటూ కూడా ఏ పనీ చేయనివి ఉంటాయి, వాటిని అన్యథాసిద్ధాలు అన్నారు. అదే కాలపు విశ్వనాథుడు కారికావళిలో వీటిని ఐదుగా లెక్కించాడు. కుండ పుట్టడానికి ముందు కుమ్మరి చక్రం తిప్పే కర్ర ఉంది, నిజమే. ఆ కర్ర రంగు కూడా ఉంది. ఆకాశం ఉంది. కుమ్మరి తండ్రి ఉన్నాడు. మట్టి మోసుకొచ్చిన గాడిద ఉంది. కుండకు కారణం కర్ర. రంగు కాదు, ఆకాశం కాదు, తండ్రి కాదు, గాడిదా కాదు.

ఆకాశాన్ని ఎందుకు తోసేశారన్నది గమనించదగ్గది. అది ఏ ఒక్క కుండకూ ప్రత్యేకం కాదు, ప్రపంచంలోని ప్రతి కార్యానికీ ముందు ఉంటుంది. ఈ విండోసే ఇంత, అని విసుక్కునే ఆటగాడు ఆకాశాన్ని నిందిస్తున్నాడు. చక్కగా నడుస్తున్న మిగతా ఇరవై ఆటల వెనకా అదే విండోస్ ఉంది. అన్నింటిలో సమానంగా ఉన్నది ఒక్కదాని పతనానికి సంజాయిషీ కాలేదు. గాడిద సంగతి ఇంకా సున్నితం. ఈ కుండ మట్టిని గాడిదే మోసింది, అది కళ్లారా చూసిన నిజం. కానీ ఎడ్లబండి మీద వచ్చినా కుండ అయ్యేదే. ఆట బాగుపడిన రాత్రి ఆటగాడు చేసిన పది పనుల్లో తొమ్మిది గాడిదలు. పదీ వరుసగా చేసేశాడు కాబట్టి ఏది గాడిదో, ఏది కర్రో చెప్పలేడు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. విజయదశమికి వాహనాలతోపాటు కంప్యూటర్‌కూ పసుపు కుంకుమ పెట్టే ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. స్కిన్నర్ పావురాలను చెప్పగానే ఆ పూజను కూడా ఆ గాటనే కట్టేసేవాళ్లుంటారు. అది అన్యాయం. అన్నం పెట్టే పనిముట్టుకు దణ్ణం పెట్టుకోవడం కృతజ్ఞత. బొట్టు పెడితే డ్రైవర్ కుదురుకుంటుందని ఆ ఇళ్లలో ఎవరూ అనరు. కార్యకారణం గురించి ఒక మాట అని, ఆ మాటను పరీక్షకు పెట్టనప్పుడే మూఢత్వం మొదలవుతుంది. ఆ లెక్కన పసుపు పూసిన కీబోర్డుకన్నా, ఎందుకో తెలియకుండా ప్రతి రాత్రీ తుడిచి మళ్లీ వేసే డ్రైవరే మూఢనమ్మకానికి దగ్గర.

పనిచేసింది కదా, ఇంకేం కావాలి? ఈ ప్రశ్న అడిగేవాడు తేలికైన మనిషి కాదు, అతని వెనక బుద్ధుడే ఉన్నాడు. మజ్ఝిమ నికాయంలో మాలుంక్యపుత్రుడికి బుద్ధుడు చెప్పిన దృష్టాంతం ప్రసిద్ధం. విషబాణం తగిలినవాడు, ఎవరు వేశారు, ఏ కులంవాడు, విల్లు ఏ రకానిది అన్నీ తేలేదాకా బాణం తీయనివ్వనంటే, తేలేలోపే చచ్చిపోతాడు. ఆదివారం సాయంత్రం రెండు గంటలు స్నేహితులతో ఆడుకోవాలనుకున్న పిల్లవాడికి, ఆట తెరుచుకుంటే చాలు. కానీ ఆ బుద్ధుడే తన మొదటి బోధలో దుఃఖం ఉందని చెప్పి ఊరుకోలేదు, దుఃఖానికి కారణం ఏమిటన్నది రెండో సత్యంగా పెట్టాడు. బాణం ఎవరు వేశారన్నది అక్కర్లేని ప్రశ్న కావచ్చు. ఒంట్లో దిగిన ములుకు ఎక్కడుందన్నది మాత్రం తెలిసి తీరాలి. తెలియకుండా లాగితే సగం లోపలే విరిగిపోతుంది.

పనిచేయడం వేరు, తెలియడం వేరు అన్నదాన్ని 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఒక పిడికిలితో చూపించాడు. శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేసిన నైషధ కావ్యకర్త ఈయనే. కానీ ఖండనఖండఖాద్యం అనే ఆయన తర్కగ్రంథాన్ని తెలుగు పాఠకులు అంతగా తలచుకోరు. ఒకడు పిడికిట్లో గవ్వలు పెట్టుకుని ఎన్నో చెప్పమంటాడు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు, ఐదు, అంటాడు. పిడికిలి తెరిస్తే ఐదే ఉంటాయి. అతని మాట నిజం. అతనికి తెలుసా? తెలియదు. పాశ్చాత్య తత్వశాస్త్రాన్ని ఇదే చిక్కులో పడేసిన ఎడ్మండ్ గెటియర్ మూడు పుటల వ్యాసం 1963లో వచ్చింది. ఓవర్‌లే ఆపేస్తే ఆట కుదురుకుంటుందని ఊహించి, కుదురుకున్నాక చంకలు గుద్దుకునేవాడు గవ్వల లెక్క చెప్పినవాడే. వచ్చే నెల అదే క్రాష్ తిరిగొస్తే చెప్పడానికి అతని దగ్గర ఇంకో అంకె తప్ప ఏమీ ఉండదు.

తెలియడానికి తార్కికులు చెప్పిన దారి అన్వయవ్యతిరేకాలు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. 1843లో జాన్ స్టువార్ట్ మిల్ తన తర్కగ్రంథంలో దాదాపు ఇదే పద్ధతిని సూత్రాలుగా పెట్టాడు. చెప్పడానికి ఎంత సులువో చేయడానికి అంత కష్టం. ఎందుకంటే రెండో భాగం కోసం బాగైనదాన్ని మళ్లీ చెడగొట్టాలి. పీకిన వైరు మళ్లీ పెట్టి, ఆట మళ్లీ పడిపోతుందో లేదో చూడాలి. అర్ధరాత్రి రెండింటికి ఎట్టకేలకు నడుస్తున్న ఆటను చేతులారా ఆపి, జబ్బును తిరిగి పిలవాలి. తెలుసుకోవాలన్న కోరిక నిజమైనదో కాదో ఆ ఒక్క క్షణంలో తేలిపోతుంది.

స్కైరిమ్‌లాంటి ఆటకు మోడ్‌లు, అంటే ఆటను మార్చే చేర్పులు, ఎక్కించుకునేవాళ్లు ఈ విద్యను సాధనతో నేర్చుకున్నారు. 128 మోడ్‌లలో ఒకటి ఆటను కూలుస్తుంటే ఒక్కొక్కటే తీసి చూడరు. సగం ఆపేస్తారు. కూలిందా, దోషి మిగిలిన సగంలో ఉంది. కూలలేదా, ఆపిన సగంలో ఉంది. ఏడు విడతల్లో ఒక్కటి మిగులుతుంది. దోషి ఒక్కటే అయితేనే సుమా. విడివిడిగా సాధువులై, కలిస్తే కొట్టుకునే జంటలుంటాయి. అప్పుడు ఏ ఒక్కదాన్నీ కారణమనలేం. కారణాలన్నీ కూడినదాన్ని సామగ్రి అన్నారు నైయాయికులు, కార్యం పుట్టేది ఆ సామగ్రి నుంచే. మోడ్‌ల జగడాలు చూసినవాళ్లకు ఆ మాట నిఘంటువు వెతక్కుండానే అర్థమవుతుంది.

అన్వయవ్యతిరేకాలను నిష్ఠగా పాటిస్తే ఏం జరుగుతుందో చూపించే ఉదాహరణ గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్. పీసీ మీదికి 2015లో వచ్చిన ఈ ఆట తెరుచుకోవడానికి కొందరికి ఐదారు నిమిషాలు పట్టేది. సర్వర్లు నెమ్మదని, తమ ఇంటర్నెట్ చాలదని, కంప్యూటర్ పాతదని అనుకుంటూ ఆటగాళ్లు ఏళ్ల తరబడి కాఫీ కలుపుకున్నారు. 2021లో ఒక ప్రోగ్రామర్ అనుకోవడం మాని, టాస్క్ మేనేజర్ తెరిచి చూశాడు. మొదటి నిమిషం తర్వాత నెట్‌వర్క్ నిశ్శబ్దం, డిస్క్ నిశ్శబ్దం, గ్రాఫిక్స్ కార్డు నిశ్శబ్దం. ప్రాసెసర్‌లో ఒకే ఒక్క కోరు మాత్రం నాలుగు నిమిషాలపాటు చెమటోడ్చుతోంది. సర్వరే కారణమైతే ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూడాలి కదా.

అతను ఇంకా లోతుకు వెళ్లాడు. ఆటలో కొనదగ్గ వస్తువుల జాబితా 10 ఎంబీల అక్షరాల ఫైలు, అందులో దాదాపు 63 వేల వస్తువులు. ఒక్కొక్క అంశం చదివినప్పుడల్లా ప్రోగ్రాం ఆ ఫైలులో మిగిలిన పొడవంతా లెక్కపెడుతోంది. పుస్తకంలో ప్రతి పదం చదివే ముందు, ఇంకా ఎన్ని అక్షరాలున్నాయో చివరిదాకా లెక్కపెట్టుకునే మనిషిని ఊహించుకోవచ్చు. పైగా ప్రతి వస్తువునూ, ఇదివరకే ఉందేమోనని, అంతకుముందు చేర్చిన అన్నింటితో పోల్చి చూస్తోంది. మొత్తం సుమారు 200 కోట్ల పోలికలు. ఆ ప్రోగ్రామర్ ఈ రెండు పనులకూ అడ్డుకట్ట వేసి చూస్తే ఆరు నిమిషాలు కాస్తా ఒక నిమిషం యాభై సెకన్లయింది. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ ఆ లోపాన్ని ఒప్పుకుని, మార్చిలో సవరించి, అతనికి 10,000 డాలర్ల బహుమానం ఇచ్చింది. ఇందులో మెచ్చుకోవాల్సింది తెలివినే కాదు. తను ఊహించిన కారణాన్ని తొలగించి, కార్యం తొలగిందా అని చూసేదాకా అతను మాట్లాడలేదు.

అయితే అన్వయవ్యతిరేకాలకు కూడా లొంగని చిక్కులున్నాయి. ఒకటి ప్రాచీనులకు బాగా తెలుసు, దానికి తృణారణిమణి న్యాయం అని పేరు. గడ్డి నుంచి నిప్పు పుడుతుంది. అరణి మథిస్తే నిప్పు పుడుతుంది. సూర్యకాంతమణితోనూ పుడుతుంది. గడ్డి లేకపోయినా నిప్పు ఉంది కాబట్టి గడ్డి కారణం కాదా? నైయాయికుల జవాబు ఏమిటంటే, ఒక్కొక్కదాని నుంచి పుట్టిన నిప్పు ఒక్కొక్క జాతిది. కారణాలు అనేకమనిపిస్తే, కార్యాన్ని తగినంత దగ్గరగా చూడలేదన్నమాట. కంప్యూటర్ బాగుచేసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సలహా ఏ మాన్యువల్‌లోనూ లేదు. నల్లబడిన తెరలన్నీ ఒకటి కావు. శబ్దం వినిపిస్తూ తెర మాత్రం నల్లబడితే దారి ఒకటి, కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అయితే ఇంకొకటి. ఆట ఒక్కటే మూసుకుని విండోస్ నిక్షేపంగా ఉంటే మరొకటి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఆ క్షణాన ఏం నమోదైందో చదివితే ఏ నిప్పో తెలుస్తుంది.

రెండో చిక్కు కాలానిది. యజ్ఞం ఈరోజు ముగిసిపోతుంది, ఫలం ఎప్పటికో వస్తుంది. మధ్యలో ఆ రెంటినీ కలిపేది ఏమిటి? మీమాంసకులు దాన్ని అపూర్వం అన్నారు. వైశేషికులు, కంటికి కనపడకుండా పనిచేసేదాన్ని అదృష్టం అన్నారు, సూది అయస్కాంతం వైపు కదలడానికి కూడా అదే కారణమని కణాదుడి సూత్రాలు చెబుతాయి. కనపడనిది అని అర్థమున్న ఆ మాట తెలుగులో కలిసొచ్చిన కాలానికి పేరైపోయింది. ఇది ఉత్త మాటల విశేషం కాదు. కారణం కనపడనప్పుడు మనిషి వెతకడం ఆపేసే చోటే అదృష్టం అన్న మాట పుడుతుంది.

ఆ ఇంటెల్ ప్రాసెసర్ల కథలో ఉన్నది అసలైన అర్థంలో అదృష్టం. ఆట పడిపోయిన రోజున ఆటగాడు వెతికింది ఆ రోజు ఏం మారిందని. ఏమీ మారలేదు. ప్రాసెసర్లు తమకు అవసరమైనదానికన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతూ వచ్చాయి. ఆ వోల్టేజీ, వేడి కలిసి, లోపల అన్ని భాగాలనూ ఒకే తాళంలో నడిపించే గడియారపు వలయాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా అరగదీశాయి. సినిమా చూసిన రాత్రుల్లోనూ, ఏమీ చేయకుండా వదిలేసిన మధ్యాహ్నాల్లోనూ ఆ అరుగుదల సాగింది. ఆట దాన్ని బయటపెట్టిందంతే. సంస్థకు కూడా కారణం ఒక్కరోజులో దొరకలేదు. మొదట మదర్‌బోర్డుల సెట్టింగుల మీదికి చూపు వెళ్లింది. జూన్‌లో వేగాన్ని పెంచే ఒక అంశంలో లోపం బయటపడింది. అది దోహదం చేసింది గానీ మూలకారణం కాదని ఇంటెలే చెప్పింది. జూలైలో వోల్టేజీ సంగతి ప్రకటించింది, ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, సెప్టెంబరులో మొత్తం వివరం చెప్పింది. వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన ప్రాసెసర్‌ను మాత్రం ఏ సవరణా బాగుచేయదు.

ఈలోగా చాలామంది ఒక చిట్కా పట్టుకున్నారు. ప్రాసెసర్ వేగపు గుణకాన్ని 55 నుంచి 53కి తగ్గిస్తే సందేశం రావడం మానేస్తుంది. మళ్లీ 55కి పెడితే వస్తుంది. అన్వయమూ ఉంది, వ్యతిరేకమూ ఉంది, అయినా వేగం ఒక్కటే కారణం కాదు. కొత్తలో ఆ ప్రాసెసర్ అదే 55తో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. వేగం సామగ్రిలో ఒక భాగం, అరుగుదల ఇంకో భాగం. మొదటిది ఆటగాడి చేతిలో ఉంది కాబట్టి అదే కనపడింది. మందు దొరికినంత మాత్రాన రోగం తెలిసినట్టు కాదని ఇంత స్పష్టంగా చూపించే సంఘటన ఈమధ్య కాలంలో ఇంకొకటి లేదు.

వారంటీ కింద కొత్త ప్రాసెసర్ అందుకున్న ఆటగాడు ముందుగా ఆ మైక్రోకోడ్ సవరణ కోసం బయోస్ అప్‌డేట్ చేస్తాడు. గుణకాన్ని 53 నుంచి తిరిగి 55కి తెస్తాడు. దాచి ఉన్న షేడర్లను తుడిచేస్తాడు, అవి మళ్లీ మొదటినుంచి తయారు కావాలని. గ్రాఫిక్స్ కార్డు పాతదే, డ్రైవర్ పాతదే, విండోస్ పాతదే. అదే ఆట తెరుస్తాడు. గీత మెల్లగా నిండి, చివరిదాకా వెళ్తుంది. ఆట మొదలవుతుంది. అతను ఆడడు. మూసేసి, కాగితం మీద ఒక గీత గీసి, షేడర్లు మళ్లీ తుడిచి, రెండోసారి తెరుస్తాడు.